తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు వచ్చే డౌట్లు, వాటికి దారి

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ డౌట్లు చాలా ఏళ్ళుగా వింటున్నాను. ఇంటర్వ్యూల కోసం తిరుగుతున్న బీటెక్ పిల్లలు, స్కూల్లో టీచరుతో మాట్లాడాలంటే జంకే అమ్మలు, అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళబోతూ టెన్షన్ పడే పెద్దవాళ్ళు, ఎవరు అడిగినా ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. ఎందుకంటే అందరి తలలోనూ ముందు తెలుగు వాక్యం తయారవుతుంది, ఆ వాక్యంలో ఒక 'నుంచి' గానీ 'తో' గానీ 'కదా' గానీ ఉంటుంది, అది ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి దిగిపోతుంది. అందుకని నేను చెప్పేది ఒకటే. పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టే ముందు, మీ తెలుగు వాక్యంలో ఏ ముక్క మీ చేత తప్పు చేయిస్తోందో పట్టుకోండి. అది దొరికితే రూలు దానంతటదే గుర్తుంటుంది.

అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'నుంచి'. "ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అనుకుంటాం, నోట్లోంచి "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని వస్తుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఎప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తున్న పనికి 'యామ్ వర్కింగ్' చాలదు, 'హావ్ బీన్ వర్కింగ్' అనాలి. రెండోది 'సిన్స్'. మనకి మొదలైన సమయానికీ, గడిచిన కాలానికీ ఒకటే 'నుంచి' ఉంది, ఇంగ్లీషులో రెండు వేరు. 2019 నుంచి, సోమవారం నుంచి, పెళ్ళైనప్పటి నుంచి, వీటన్నిటిలో మొదలైన క్షణం చెప్తున్నాం కాబట్టి 'సిన్స్'. ఐదేళ్ళ నుంచి, మూడు నెలల నుంచి, చాలాసేపటి నుంచి, వీటిలో ఎంతకాలం అన్నది చెప్తున్నాం కాబట్టి 'ఫర్'. "రెండు గంటల నుంచి కరెంటు లేదు" అనే వాక్యం తీసుకోండి. మధ్యాహ్నం రెండింటికి పోయిందా, పోయి రెండు గంటలైందా అన్నది తెలుగులో సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. ఇంగ్లీషులో మాత్రం మీరు తేల్చాల్సిందే, 'సిన్స్ టూ ఓ క్లాక్' లేదా 'ఫర్ టూ అవర్స్'. ఈ ఒక్క వాక్యాన్ని రెండు రకాలుగా చెప్పి చూడండి, తేడా బుర్రకెక్కుతుంది. "ఈ కంపెనీలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు" అని ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు కాబట్టి మీ జవాబుని సరైన రూపంలో ముందే నోటికి తెచ్చుకోండి.

'చూశాను' అంటే 'ఐ సా' నా, 'ఐ హావ్ సీన్' నా అని అడుగుతుంటారు. వాక్యంలో నిన్న, పోయిన వారం, 2015లో లాంటి గడిచిపోయిన సమయం ఉంటే 'హావ్' ముట్టుకోకండి, "ఐ సా ఇట్ యెస్టర్‌డే" అంతే. ఎప్పుడు చూశారన్నది విషయం కాక, చూశారా లేదా అన్నదే విషయమైతే "ఐ హావ్ సీన్ ఇట్". అమెరికాలో చాలామంది ఇప్పుడే జరిగిన పనికి కూడా 'హావ్' లేకుండా "ఐ జస్ట్ ఏట్" అనేస్తారు, అది అక్కడ మామూలే, విని కంగారు పడక్కర్లేదు.

"డిడ్ యూ వెంట్", "ఐ డిడ్ నాట్ కేమ్" అన్న తప్పు పోవాలంటే మన తెలుగే సాయం చేస్తుంది. 'వెళ్ళాను' అంటాం, కానీ కాదనేటప్పుడు 'వెళ్ళానులేదు' అనం కదా, 'వెళ్ళలేదు' అంటాం. అంటే 'లేదు' వచ్చి చేరగానే క్రియ తన కాలాన్ని వదిలేసి బోసిగా నిలబడింది. ఇంగ్లీషులో 'డిడ్' చేసేది సరిగ్గా ఈ పనే. గడిచిన కాలం మొత్తం 'డిడ్' మోస్తుంది, అందుకే వెనకాల 'గో', 'కమ్', 'సీ' మామూలుగా ఉండిపోతాయి. 'డజ్' కూడా ఇంతే. 'హి నోస్' లో ఉన్న ఆ చివరి అక్షరాన్ని 'డజ్' తనలోకి లాక్కుంటుంది, కాబట్టి "డజ్ హి నో", "హి డజంట్ నో". 'హి డోంట్ నో' అని చదువుకున్నవాళ్ళు కూడా అనేస్తుంటారు. పాటల్లో వినపడుతుంది నిజమే గానీ ఇంటర్వ్యూలో వద్దు.

"ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అనొచ్చా?

'అర్థం కావట్లేదు' అన్న తెలుగు మాటలో పని జరుగుతూ ఉన్నట్టు ఉంటుంది, అందుకే చివర 'ఇంగ్' వచ్చేస్తుంది. అనిపిస్తోంది, కనిపిస్తోంది, వినిపిస్తోంది, ఇవన్నీ ఇదే కోవ. ఇంగ్లీషులో తెలియడం, అర్థమవడం, ఇష్టపడటం, నమ్మడం, సొంతంగా కలిగి ఉండటం లాంటివాటికి మామూలుగా 'ఇంగ్' పెట్టరు. "ఐ డోంట్ అండర్‌స్టాండ్", "ఐ నో హిమ్", "ఐ హావ్ టూ బ్రదర్స్". 'హావింగ్' అనే మాటే తప్పని కొందరు పూర్తిగా మానేస్తారు, అంత అవసరం లేదు. తినడం, తాగడం అనే అర్థంలో "వి ఆర్ హావింగ్ లంచ్" హాయిగా అనొచ్చు. ఆన్‌లైన్ మీటింగుల్లో రోజూ పనికొచ్చేది ఒకటి చెప్తాను. కనిపిస్తోందా, వినిపిస్తోందా అని అడగడానికి 'కెన్' వాడండి. "కెన్ యూ సీ మై స్క్రీన్?", "కెన్ యూ హియర్ మీ?", వినపడకపోతే "సారీ, ఐ కాంట్ హియర్ యూ". 'ఆర్ యూ సీయింగ్ మై స్క్రీన్' అన్నా అవతలివాళ్ళకి అర్థమవుతుంది, కానీ వాళ్ళు అలా అనరు.

'తినలేదా?', 'రాలేదా?' అని అడిగితే యస్ అనాలా, నో అనాలా?

నా దృష్టిలో అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది ఇది, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే అవతలివాళ్ళకి అర్థం తిరగబడుతుంది. "నువ్వు అన్నం తినలేదా?" అంటే మనం "అవును, తినలేదు" అంటాం. మన 'అవును' అవతలి మనిషి అన్న మాటకి జవాబు, "నువ్వన్నది నిజమే" అని. ఇంగ్లీషు 'యస్' అలా పనిచేయదు. అది జరిగిన విషయానికి అతుక్కుని ఉంటుంది. తింటే 'యస్', తినకపోతే 'నో', ప్రశ్న ఎలా అడిగినా సరే. "హావెంట్ యూ ఈటెన్?" అన్నదానికి తినకుండా "యస్" అంటే తిన్నావని అనుకుని వెళ్ళిపోతారు.

అన్నం సంగతైతే ఫర్వాలేదు. విదేశంలో డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "యూ ఆర్ నాట్ అలర్జిక్ టు ఎనీ మెడిసిన్, ఆర్ యూ?" అని అడుగుతారు. మనవాళ్ళు "అవును, లేదు" అన్న ఉద్దేశంతో తల ఊపి "యస్" అంటారు, ఏదో మందు పడదని అక్కడ రాసుకుంటారు. ఇమిగ్రేషన్ దగ్గర "యూ డోంట్ హావ్ ఎనీ ఫుడ్ ఇన్ యువర్ బ్యాగ్?" అన్నప్పుడూ ఇదే తంతు. కాబట్టి పెద్దవాళ్ళని విమానం ఎక్కించే ముందు ఈ ఒక్క అలవాటు చేయించండి, ఇలాంటి ప్రశ్నకి ఒట్టి 'యస్' గానీ 'నో' గానీ అనకుండా పూర్తి వాక్యం చెప్పడం. "నో, ఐ డోంట్ హావ్ ఎనీ ఫుడ్." "నో, ఐ యామ్ నాట్ అలర్జిక్." 'డూ యూ మైండ్' తో మొదలయ్యే ప్రశ్న కూడా ఇలాంటిదే. "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అంటే "కూర్చుంటే మీకేమైనా ఇబ్బందా?" అని అర్థం, అభ్యంతరం లేకపోతే 'నో' అనాలి, "నో, గో అహెడ్" అంటే సరిపోతుంది.

'కదా' కి అన్నిచోట్లా 'ఈజింట్ ఇట్' పెట్టేయడం ఇంకో అలవాటు. "యూ ఆర్ కమింగ్, ఈజింట్ ఇట్?" అంటే ఇంటి దగ్గర చెల్లుతుంది గానీ బయట వింతగా ఉంటుంది. ముందు వాక్యంలో 'ఆర్', 'కెన్' లాంటి ఏ సాయపు క్రియ ఉందో దాన్నే తిప్పి వెనక పెట్టాలి. "యూ ఆర్ కమింగ్, ఆరంట్ యూ?", "షి కెన్ డ్రైవ్, కాంట్ షి?". సాయపు క్రియ ఏదీ లేకపోతే డూ, డజ్, డిడ్ లలో ఒకటి. "హి వర్క్స్ హియర్, డజంట్ హి?" పరీక్షకైతే ఇవి సాధన చేయాలి. మాటల్లో అంతసేపు ఆలోచించలేకపోతే చివర 'రైట్?' అనండి, పని జరిగిపోతుంది.

ఇక మన విభక్తులు. తో, కి, గురించి, మీద, ఇవి తెలుగులో అవసరం కాబట్టి ఇంగ్లీషులోనూ ఏదో ఒకటి తగిలించకపోతే మనకి వాక్యం వెలితిగా అనిపిస్తుంది. సెలవుల గురించి చర్చించాం అంటే "డిస్కస్డ్ అబౌట్ ది హాలిడేస్" అంటాం, అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. ఆఫీసుకి చేరాను అంటే 'రీచ్డ్ టు' కాదు, 'రీచ్డ్ ది ఆఫీస్'. గదిలోకి రావడానికి 'ఎంటర్డ్ ది రూమ్' చాలు. ఇంటికి వెళ్తున్నాను అంటే 'గోయింగ్ హోమ్', మధ్యలో 'టు' లేదు. అతనితో పెళ్ళైంది అంటే 'మ్యారీడ్ విత్' అని వస్తుంది, నిజానికి "షి ఈజ్ మ్యారీడ్ టు హిమ్" లేదా "షి మ్యారీడ్ హిమ్". నా మీద కోపంగా ఉన్నాడు అంటే 'యాంగ్రీ విత్ మీ', 'ఆన్ మీ' కాదు. అవసరమైన చోట వదిలేసేవి కూడా ఉన్నాయి. "ఎక్స్‌ప్లెయిన్ మీ" అనకూడదు, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ" అనాలి, పాటలు వినడం 'లిజన్ టు మ్యూజిక్'. వీటికి రూలు వెతికితే దొరకదు, క్రియనీ దాని తోక మాటనీ కలిపి ఒకే మాటలా నేర్చుకోవడమే దారి. బండి ఎక్కే విషయంలో మాత్రం ఒక గుర్తు ఉంది. లోపల నిలబడి నడవగలిగినవాటికి, అంటే బస్సు, రైలు, విమానానికి 'ఆన్', వంగి లోపల కూర్చునే కారుకీ ఆటోకీ 'ఇన్'.

మర్యాద గురించి ఎవరూ గ్రామర్ ప్రశ్నగా అడగరు, కానీ అడగాలి. తెలుగులో "నీళ్ళు ఇవ్వండి" అంటే ఆ 'అండి' లోనే మర్యాద మొత్తం ఉంది. దాన్ని "గివ్ మీ వాటర్" అని దించితే 'అండి' రాలిపోయి ఒట్టి ఆజ్ఞ మిగులుతుంది. మన మనసులో ఎంత వినయం ఉన్నా అవతలివాళ్ళకి మాట కటువుగానే వినపడుతుంది. ఇంగ్లీషులో ఆ మర్యాదని ప్రశ్న రూపం మోస్తుంది. "కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?", "కుడ్ యూ సెండ్ మీ ది ఫైల్?". షాపులో 'ఐ వాంట్' బదులు "ఐ వుడ్ లైక్". ఇక నాన్నగారు వచ్చారు అన్నప్పుడు ఆ బహువచనం ఇంగ్లీషులో లేదు, "మై ఫాదర్ హాజ్ కమ్", ఆయన గురించి మళ్ళీ చెప్పాలంటే 'హి'. పెద్దవాళ్ళని 'హి' అనడానికి నోరు రానివాళ్ళు ఉంటారు, నాకు వాళ్ళ మీద గౌరవమే. ఆ భాషలో అందులో అమర్యాద లేదు, ధైర్యంగా అనండి.

"వస్తే చెప్తాను" ని "ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్" అనేస్తాం. తెలుగులో 'వస్తే' కి కాలం లేదు, 'చెప్తాను' కే ఉంది. ఇంగ్లీషులోనూ అలాగే, 'విల్' చెప్పడం వైపే ఉంచి రావడాన్ని వదిలేయండి. "ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్." జరగని దాని గురించి "వచ్చుంటే చెప్పేవాణ్ణి" అనాలంటే "ఇఫ్ హి హాడ్ కమ్, ఐ వుడ్ హావ్ టోల్డ్ హిమ్".

దారి అడగడం దగ్గర తెలుగు ఇంకో మంచి గుర్తు ఇస్తుంది. "బస్టాండ్ ఎక్కడుంది?" అంటే సూటి ప్రశ్న, "వేర్ ఈజ్ ది బస్ స్టాండ్?" అదే "బస్టాండ్ ఎక్కడుందో చెప్తారా?" అన్నప్పుడు 'ఉంది' కి చివర 'ఓ' తగిలింది చూడండి. మీ తెలుగు వాక్యంలో ఆ 'ఓ' వినపడితే ఇంగ్లీషులో మాటల వరస ప్రశ్నలా తిప్పకూడదు. "కెన్ యూ టెల్ మీ వేర్ ది బస్ స్టాండ్ ఈజ్?" అతని పేరేంటో తెలీదు, "ఐ డోంట్ నో వాట్ హిజ్ నేమ్ ఈజ్". ఎప్పుడొస్తాడో తెలీదు, "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్". ఇది నాకు చాలా ఇష్టమైన కిటుకు, పరీక్ష రాసేవాళ్ళకీ బాగా పనికొస్తుంది.

ఎ, యాన్, ది

'ఎ' కావాలా 'యాన్' కావాలా అన్నది రాతతో తేలదు, చెవితో తేలుతుంది. అచ్చు వినపడితే 'యాన్'. 'అవర్' అనే మాట హెచ్‌తో రాస్తారు గానీ అచ్చుతో పలుకుతాం, 'యాన్ అవర్'. యూనివర్సిటీ యూతో రాస్తారు గానీ మొదట వినపడేది 'య్', కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. 'ఎ వన్ రూపీ కాయిన్'. ఎమ్మెల్యే, ఎంబీఏ, ఎస్సై, వీటన్నిటికీ మొదట 'ఎ' శబ్దం ఉంది కాబట్టి 'యాన్'. మనలో కొందరం 'యెమ్మెల్యే', 'యెగ్జామ్' అని ముందు ఒక 'య' చేర్చి పలుకుతాం, ఆ అలవాటున్నవాళ్ళకి ఇక్కడ చెవి మోసం చేస్తుంది, చూసుకోండి.

'ది' కి కథ చెప్పే పద్ధతి గుర్తుంచుకోండి. "ఒక కుక్క వచ్చింది, ఆ కుక్క మా చెప్పు ఎత్తుకుపోయింది." ఒక అన్నచోట 'ఎ', ఆ అన్నచోట 'ది'. ఏదో ఇద్దరికీ తెలిసినప్పుడు 'ఆ' అనకపోయినా 'ది' వస్తుంది, తలుపు వెయ్యి అంటే 'క్లోజ్ ది డోర్'. ఊళ్ళ పేర్లకి 'ది' లేదు, నదులకి ఉంది, 'ది గోదావరి', 'ది కృష్ణా'. వీటిలో తప్పు జరిగినా మాట అర్థం కాకపోవడం అరుదు. అందుకే కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు వీటితో కుస్తీ పట్టడం అనవసరమని నా అభిప్రాయం, పైన చెప్పినవి అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

మాట్లాడుతూ మాట్లాడుతూ తప్పు గుర్తొచ్చి మధ్యలో ఆగిపోవడం ఇంకో జబ్బు. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ టెస్టు 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, అందులో మార్కులు నాలుగు విషయాలకి సమానంగా పంచుతారు. ధారగా, పొందికగా మాట్లాడటం, మాటల సంపద, గ్రామర్, ఉచ్చారణ. గ్రామర్ అందులో నాలుగో వంతే. వాక్యానికొకసారి ఆగి దిద్దుకుంటూ కూర్చుంటే ధార దెబ్బతింటుంది. దిద్దుకోవడం మాట్లాడాక చేయండి. ఫోన్‌లో రెండు నిమిషాలు మీ ఊరి గురించో ఉద్యోగం గురించో మాట్లాడి రికార్డు చేసి, విని, ఏ ముక్క ఎక్కువసార్లు తప్పు చేయించిందో రాసుకోండి. ఆ వారం దాని ఒక్కదాని మీదే పనిచేయండి.

మనవాళ్ళ ఇంగ్లీషులో ఎక్కువగా వినపడే మాటల సంగతి అడుగుతుంటారు. ప్రీపోన్, అవుట్ ఆఫ్ స్టేషన్, కజిన్ బ్రదర్, డూ ది నీడ్‌ఫుల్ లాంటివి మన దేశంలో అందరికీ తెలుసు, ఇక్కడ వాడుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడే కాస్త చూసుకోవాలి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2020" అంటే అమెరికావాడికి మీరు స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది, "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2020" అనండి. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మీరు చెప్పింది నమ్మట్లేదనుకునే ప్రమాదం ఉంది, "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే సరిపోతుంది. పరీక్ష రాశాను అనడానికి 'రోట్' బదులు 'టుక్ యాన్ ఎగ్జామ్'. ఇవాళ పొద్దున్న 'టుడే మార్నింగ్' కాదు, 'దిస్ మార్నింగ్', నిన్న రాత్రి 'లాస్ట్ నైట్'. పరిచయం చేసుకునేటప్పుడు 'మైసెల్ఫ్' తో మొదలుపెట్టడం మాత్రం ఇక్కడైనా ఎక్కడైనా మానేయండి, 'ఐ యామ్' అని పేరు చెప్పండి. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, హోమ్‌వర్క్, వీటికి బహువచనం పెట్టకండి.

అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. "ద్రౌపదీ ముర్ము మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి?" అని ఇంగ్లీషులో ఎలా అడగాలి? 15వ అని జవాబు చెప్పడం తేలికే, ప్రశ్నకే ఒక్క మాట లేదు. చుట్టూ తిరిగి అడగాలి, "హౌ మెనీ ప్రెసిడెంట్స్ డిడ్ ఇండియా హావ్ బిఫోర్ ద్రౌపదీ ముర్ము?" అని. రోజువారీ మాటల్లో ఇంత కష్టం ఉండదు. ఎన్నో క్లాసు, ఎన్నో అంతస్తు అంటే 'విచ్ క్లాస్', 'విచ్ ఫ్లోర్'. ఇంట్లో మీరు ఎన్నోవారు అని తెలుసుకోవాలంటే "ఆర్ యూ ది ఎల్డెస్ట్?" అని అడిగితే అవతలివాళ్ళే "నో, ఐ యామ్ ది సెకండ్" అని చెప్పేస్తారు.